మీకు తెలుసా? పక్కనుంచి వచ్చే సొమ్ము, పక్కనుంచి వచ్చే మాట

ఒక ఇంటిపెద్దను లారీ గుద్దింది, ప్రాణం పోయింది అనుకోండి. ఆయన ఏళ్ల తరబడి ప్రీమియం కట్టిన ఎల్‌ఐసీ పాలసీ సొమ్ము భార్య చేతికి వచ్చింది. తర్వాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కేసు నడిచింది. లారీ తరఫు లాయరు లేచి, "అమ్మగారికి ఇప్పటికే ఎల్‌ఐసీ డబ్బు ముట్టింది కదండీ, ఆ మేరకు మా లెక్కలో కోసేయండి" అన్నాడు. కోసేయాలా, వద్దా?

వద్దు. మన సుప్రీంకోర్టు 1998లోనే ఆ సంగతి తేల్చేసింది. అయినా ఈ వాదన ట్రిబ్యునళ్లలో ఇంకా వినబడుతూనే ఉంటుంది. ఎదుటి పక్షానికి చట్టం తెలియకపోతే కొంతైనా మిగులుతుందన్న ఆశ కాబోలు.

ఇలా తప్పు చేసినవాడి జేబులోంచి కాకుండా, పక్కనుంచి బాధితుడికి అందే సొమ్మును న్యాయశాస్త్రంలో 'కొలేటరల్ సోర్స్' అంటారు. బీమా, పింఛను, పీఎఫ్, ఆఫీసువాళ్ల సాయం, బంధువులు వేసుకున్న చందా, అన్నీ ఆ గంపలోవే. అదే కొలేటరల్ బ్యాంకులో తాకట్టు అవుతుంది. మానసిక వైద్యుడి గదిలో మాట అవుతుంది, అంటే రోగి చెప్పింది కాక రోగి గురించి ఇంట్లోవాళ్లు చెప్పేది. మూడు చోట్లా దానికి దొరికే మర్యాద వేరు. కోర్టు పక్క సొమ్మును చూసీ చూడనట్టు ఉంటుంది. బ్యాంకు తీసుకుని భద్రంగా దాస్తుంది, అసలు దారి మూసుకుపోతే తప్ప ముట్టుకోదు. డాక్టరు మాత్రం దానికోసం ముందే ఎదురుచూస్తాడు. ఆ సొమ్మో మాటో ఎవరిచ్చారు, దేనికోసం ఇచ్చారు అన్న దగ్గరే మూడు చోట్లా లెక్క తెగుతుంది. కింది ముచ్చట్లలో చాలావరకు ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

మునిగిన ఓడకు ఎవరు కట్టాలి?

ఈ సూత్రం పుట్టింది నీళ్ల మీద. అమెరికాలో హ్యూరన్ సరస్సులో మాంటిసెల్లో అనే ఆవిరి ఓడ, నార్త్‌వెస్టర్న్ అనే తెరచాప ఓడను ఢీకొట్టి ముంచింది. మునిగిన ఓడ తాలూకు నష్టాన్ని బీమా కంపెనీ కట్టేసింది. "మరింకేం, నష్టం తీరిపోయిందిగా, మేమెందుకు కట్టాలి?" అన్నది ఢీకొట్టిన పక్షం వాదన. 1854 నాటి కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఓడ యజమానికీ బీమా కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందంతో ఢీకొట్టినవాడికి సంబంధమే లేదు పొమ్మంది.

ఇరవై ఏళ్ల తర్వాత, 1874లో, ఇంగ్లండ్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే అచ్చంగా ఇదే వాదన తెచ్చి ఇదే జవాబు విన్నది. దెబ్బలు తిన్న ప్రయాణికుడు తన డబ్బుతో ప్రమాద బీమా తీసుకున్నాడు. ఆయన ముందుచూపు ఫలం రైల్వే కంపెనీకి ఎందుకు పోవాలి? పింఛను సంగతి మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న పోలీసును కారు గుద్దితే ఆయన ఉద్యోగం పోయింది, వైకల్య పింఛను వచ్చింది. పోయిన జీతం లెక్కలోంచి ఈ పింఛను తీసేయాలా? 1969లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీసేయనక్కర్లేదంది. ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ఒక్క ఓటు తేడా! మామూలు మనిషికి ఇందులో తికమకగా ఉంటే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మన రెబెల్లో తీర్పు

మన దేశంలో ఈ దారి వేసింది హెలెన్ సి. రెబెల్లో వర్సెస్ మహారాష్ట్ర ఆర్టీసీ కేసు. పరిహారంలోంచి జీవిత బీమా సొమ్మును కోసేయడం మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టు చెప్పిన కారణాన్ని నిదానంగా చదవాలి. జీవిత బీమా సొమ్ము వాహనం గుద్దినందుకు వచ్చింది కాదు. ఆయన జబ్బు చేసి పోయినా వచ్చేది, గడువు తీరితే బతికుండగానే చేతికందేది. అది ఆయన కష్టార్జితం, ప్రమాదం దాన్ని కాస్త ముందుకు జరిపిందంతే. పరిహారం సంగతి వేరు, అది ప్రమాదం వల్లనే పుట్టింది. రెండింటికీ పొత్తు లేదు కాబట్టి ఒకదానిలోంచి ఒకటి తీసేయడం కుదరదు. పీఎఫ్, కుటుంబ పింఛను, బ్యాంకు నిల్వలు, షేర్లు, అన్నీ ఇదే కొలతతో గట్టెక్కాయి. 2013లో మరో తీర్పు కారుణ్య నియామకం కింద భార్యకు వచ్చిన ఉద్యోగపు జీతాన్ని కూడా తగ్గించరాదంది. 2002 నాటి కేసు ఇంకా ఆసక్తికరం. ఇక్కడికి వచ్చినప్పుడు రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక ప్రవాస భారతీయ వైద్యుడి కుటుంబానికి అమెరికా సోషల్ సెక్యూరిటీ డబ్బు వస్తోంది. దాన్నీ తీసేయడానికి వీల్లేదని తేలింది. సెలవులకు ఊరొచ్చే మన అమెరికా తెలుగువాళ్లు ఈ ఒక్క తీర్పునైనా గుర్తుపెట్టుకోవాలి.

అదే కొలత ఒక్కోసారి కుటుంబానికి ఎదురు తిరుగుతుంది. హరియాణా ప్రభుత్వానికి 2006 నాటి కారుణ్య సాయం నిబంధనలు ఉన్నాయి. ఉద్యోగి చనిపోతే కొన్నేళ్లపాటు ఆయన జీతభత్యాలను కుటుంబానికి ఇస్తూనే ఉంటారు. 2016లో సుప్రీంకోర్టు ఈ జీతభత్యాల మేరకు పరిహారం తగ్గించాలంది. ట్రిబ్యునల్ కట్టించే లెక్క కూడా పోయిన జీతానికే కదా, ఒకే నష్టానికి రెండు చోట్ల పూడిక ఎందుకని. కుటుంబ పింఛను, బీమా, పీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దంది. ఉద్యోగి పేర యజమాని తీసుకున్న ప్రమాద బీమా సొమ్మును తగ్గించే అవకాశం ఉండొచ్చని రెబెల్లో తీర్పులోనే ఒక మాట ఉంది. అది ప్రమాదం జరిగితేనే వచ్చే డబ్బు, పైగా ప్రీమియం కట్టింది పోయినాయన కాదు. ఎవరు కట్టారు, దేనికి కట్టారు అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే ఈ తీర్పులన్నీ దాదాపు వాటంతటవే విడిపోతాయి.

మెడిక్లెయిమ్ మాటేమిటి? ఆస్పత్రి బిల్లు బీమా కంపెనీ కట్టేశాక అదే బిల్లు ట్రిబ్యునల్‌లో అడగొచ్చా? దీని మీద తీర్పులు చాలాకాలం ఒకదానికొకటి పొసగలేదు. 2025 మార్చిలో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం మెడిక్లెయిమ్ సొమ్మును తగ్గించనక్కర్లేదని చెప్పింది. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బా అని చిరాకు పడేవాళ్లుంటారు. ఎవరో ఒకరికి అదనంగా మిగలక తప్పదంటే, అది గుద్దినవాడికి కాక ప్రీమియం కట్టినవాడికి మిగలడమే మేలని నా అభిప్రాయం.

మనిషికున్న ఈ వెసులుబాటు కారుకు లేదు. వెనకనుంచి ఎవరో గుద్దితే మీ బీమా కంపెనీ మరమ్మతు డబ్బు ఇస్తుంది. ఇచ్చాక, గుద్దినవాడి దగ్గర వసూలు చేసుకునే మీ హక్కు ఆ కంపెనీకి బదిలీ అవుతుంది. దీన్ని సబ్రోగేషన్ అంటారు. ఒకే బంపరుకు రెండుసార్లు డబ్బు రాదు. బంపరుకు వెల కట్టొచ్చు, ప్రాణానికి కట్టలేం, అందుకే ఆస్తి బీమాకు ఒక నీతి, జీవిత బీమాకు ఒక నీతి.

ఇంకో రెండు చిన్న సంగతులు. గుద్ది పారిపోయిన వాహనం దొరక్కపోతే ప్రభుత్వ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తారు. 2022 ఏప్రిల్‌కు ముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. తర్వాత ఆ వాహనం దొరికి పూర్తి పరిహారం వస్తే, ముందు తీసుకున్నది తిరిగి కట్టాలి. రెండోది, పని మీద వెళ్తూ ప్రమాదానికి గురైన కార్మికుడు ఉద్యోగుల పరిహార చట్టమో, మోటారు వాహనాల చట్టమో ఏదో ఒక్కటే ఎంచుకోవాలి. రెండు చోట్లా చేయి చాచడానికి 167వ సెక్షన్ ఒప్పుకోదు. తొందరపడి చిన్న మొత్తం వచ్చే దారి పట్టి చిక్కుకునేవాళ్లున్నారు. ముందు లాయరును అడగండి.

భర్త ముందుచూపు, భార్యకు కోత

న్యూయార్క్ జంట భవనాలు కూలిన 2001లోనే అమెరికా ప్రభుత్వం బాధితులకు ఒక నిధి పెట్టింది. విమాన సంస్థల మీద దావాలు వేయకుండా నిధి నుంచి పరిహారం తీసుకోవచ్చు. అయితే చట్టంలో ఒక షరతు రాశారు. జీవిత బీమా, పింఛను లాంటి పక్క సొమ్ము ఎంత వస్తే అంత తగ్గించి ఇవ్వాలి. దాదాపు నూట యాభై ఏళ్లుగా కోర్టుల్లో నడుస్తున్న సూత్రాన్ని ఒక్క వాక్యంతో తిరగేశారన్నమాట. ఇక్కడ కడుతున్నది తప్పు చేసినవాడు కాదు, పన్నులు కట్టే జనం, అందుకే ఈ కోత అని సమర్థన.

నిధి బాధ్యత చూసిన కెన్నెత్ ఫైన్‌బర్గ్‌కు ఎదురైన కోపంలో పెద్ద వాటా ఈ షరతు మీదే. జాగ్రత్తపరుడైన భర్త పెద్ద పాలసీ తీసుకున్న ఇంట్లో కోత పడింది. ఏ పాలసీ లేని ఇంట్లో పడలేదు. ముందుచూపు ఉండటమే నేరమా అని అడిగిన భార్యలకు ఏం చెబుతారు? దాతలు ఇచ్చిన విరాళాలను మాత్రం కోతలోంచి ఆయన మినహాయించాడు. వాటినీ తగ్గిస్తే జనం విరాళాలివ్వడమే మానేస్తారని. ఎంత కోత పడినా ఏ మరణానికీ 2,50,000 డాలర్లకు తగ్గకూడదని ఒక అడుగు మట్టం కూడా పెట్టారు. చివరికి మృతుల కుటుంబాల్లో 97 శాతం నిధిలో చేరాయి, గాయపడినవాళ్లతో కలిపి 700 కోట్ల డాలర్లకు పైగా పంచారు. లెక్క బాగానే ముగిసింది. ఆ షరతు న్యాయమేనని మాత్రం నేననలేను.

అమెరికా ఆస్పత్రి బిల్లుల తమాషా కూడా ఇక్కడే చెప్పాలి. బిల్లులో వేసే అంకె ఒకటి, బీమా కంపెనీ బేరమాడి కట్టేది ఇంకొకటి. కాలిఫోర్నియాలో ఒక ప్రమాద బాధితురాలికి ఆస్పత్రులు వేసిన బిల్లు దాదాపు 1,90,000 డాలర్లు, చెల్లింపుగా తీసుకున్నది 60,000 లోపే. గుద్దినవాడు ఏ అంకె కట్టాలి? అసలు చెల్లించిన చిన్న అంకే అని 2011లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరూ కట్టని డబ్బు నష్టమెలా అవుతుందని ప్రశ్న. ఇది సబబైన ప్రశ్నే.

తెల్లకాగితం ఎంతవరకు పనికొస్తుంది?

తెలుగునాట కోర్టుల్లో కొలేటరల్ మాట ఎక్కువగా వినబడేది పరిహారం కేసుల్లో కాదు, భూమి తగాదాల్లో. తెలంగాణ పల్లెల్లో సాదాబైనామా అంటే తెలియనివారుండరు. తెల్లకాగితం మీద రాసుకుని, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, పొలం చేతులు మార్చుకోవడం. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ కాగితంతో భూమి మీద హక్కు రుజువు కాదు. కానీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ఒక చిన్న కిటికీ తెరిచి ఉంచింది. అదే 'కొలేటరల్ పర్పస్'. అంటే హక్కు సంగతి పక్కనబెట్టి, పొలం ఈయన స్వాధీనంలోకి ఎలా వచ్చింది, ఏ తీరుగా ఉంటున్నాడు వంటి పక్క విషయాల కోసం కోర్టు ఆ కాగితం చూడొచ్చు. రిజిస్టరు కాని పారీఖత్తుకూ, అంటే పంపకాల పత్రానికీ, అంతే.

చాలామంది బోల్తా పడేది దీని తర్వాత. తగిన స్టాంపు లేకపోతే ఆ కిటికీ కూడా మూసుకుంటుంది. స్టాంపు చట్టం 35వ సెక్షన్ ప్రకారం స్టాంపు సుంకం ఎగ్గొట్టిన పత్రం ఏ అవసరానికీ సాక్ష్యం కాదు. సుంకమూ, దాని మీద జరిమానానూ కడితేనే దారి. రిజిస్ట్రేషన్ లేకపోవడం ఒక లోపం, స్టాంపు లేకపోవడం మరో లోపం. ఒకదానికి మందు వేస్తే రెండోది నయం కాదు.

తాకట్టు చివరి దారి

రైస్‌మిల్లు పెట్టుకోవడానికి బ్యాంకు అప్పిచ్చింది అనుకుందాం. ఆ డబ్బుతో కొన్న యంత్రాలు, మిల్లులోని ధాన్యం ప్రైమరీ సెక్యూరిటీ. మిల్లుతో సంబంధం లేని యజమాని ఇల్లు రాయించుకుంటే అది కొలేటరల్. తీరా చూస్తే ఈ రెండింటిలో ఏదీ అప్పు తీరే అసలు దారి కాదు. అసలు దారి మిల్లు ఆడి వచ్చే రాబడి. అది ఎండిపోయినప్పుడే తాకట్టు తలుపు తట్టాలి. ఇది బ్యాంకింగ్ పాఠాల్లో మొదటి పాఠం. ఆచరణలో మాత్రం వ్యాపారం ఎలా సాగుతుందని అడగకముందే "ఇల్లు ఎవరి పేర ఉంది?" అని అడిగే మేనేజర్లకు కొదవలేదు. 1912లో అమెరికా చట్టసభ కమిటీ ముందు జె.పి. మోర్గాన్ సాక్ష్యమిస్తూ, అప్పుకు ముందు చూడాల్సింది ఆస్తి కాదు, మనిషి నడవడి అని చెప్పాడు. అంత పెద్ద వడ్డీవ్యాపారి మాట అది.

ఆ నమ్మకం చాలనప్పుడు దేశాలు కూడా తాకట్టు పెట్టాల్సిందే. 1991 మే నెలలో స్టేట్ బ్యాంకు 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనుక్కునే షరతు మీద విదేశంలో అమ్మింది. జులైలో, మన పి.వి. నరసింహారావు ప్రధాని అయిన కొద్ది రోజులకే, రిజర్వు బ్యాంకు మరో 47 టన్నుల దాకా విమానాల్లో లండన్ చేర్చి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర దాదాపు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. ముంబై ఖజానాలోనే ఉంచి కాగితం రాసిస్తే చాలదా? చాలలేదు. తాకట్టు అంటే అప్పిచ్చినవాడి చేతికి అందేచోట ఉండాలి, మన మంగళసూత్రం నుంచి దేశం బంగారం దాకా ఒకటే నియమం.

ఇక రోజువారీ జీవితంలో పనికొచ్చేవి. రైతుకు 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా పంట రుణానికి తాకట్టు అడగకూడదు. అంతకుముందు ఇది లక్షా 60 వేలు. డ్వాక్రా అని మనం ఇప్పటికీ పిలుచుకునే పొదుపు సంఘాలకు 10 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. ఇక్కడ తాకట్టు పెట్టేది పక్కింటి ఆడవాళ్ల దగ్గర మన పరువును. అప్పు కట్టకపోతే ఆస్తి జప్తు చేసుకునేందుకు బ్యాంకులు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు.

అప్పు మొత్తం తీర్చాక ఆస్తి కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు కట్టాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. కాగితాలు పోగొడితే నకళ్లు తెప్పించే ఖర్చు కూడా బ్యాంకుదే. కౌంటర్లో "రేపు రండి" అంటే ఈ సంగతి గుర్తుచేయండి.

స్నేహితుడి అప్పుకు మాటసాయంగా హామీ సంతకం పెట్టేవాళ్లకు ఒక మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారుది కూడా అంతే. ముందు వాడిని అడిగి, వాడు కట్టకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమమేమీ లేదు. బ్యాంకు నేరుగా మీ ఇంటికే రావచ్చు.

డాక్టరు గదిలో రెండో కుర్చీ

మానసిక వైద్యుడి కేసు షీటులో రోగి పేరు, వయసు తర్వాత మరికొన్ని గడులు ఉంటాయి. సమాచారం చెప్పింది ఎవరు? రోగికి ఏమవుతారు? ఎన్నాళ్లుగా కలిసి ఉంటున్నారు? ఆ పక్కన డాక్టరు తన అంచనా రాసుకుంటారు. చెప్పేది నమ్మదగిందా, సరిపడా ఉందా అని. ఈ రెండూ వేర్వేరు. నిన్న రాత్రి హైదరాబాదు నుంచి దిగిన తమ్ముడు నిజాయితీపరుడే కావచ్చు. కానీ ఆరు నెలలుగా అన్నయ్య రాత్రిళ్లు నిద్రపోతున్నాడో లేదో ఆయనకేం తెలుసు? వదినకు తెలుసు. తీరా గదిలోకి వచ్చి మాట్లాడేది తమ్ముడు, బయట బెంచీ మీద కూర్చునేది వదిన. మన దగ్గర చాలా కేసుల్లో మొదటి పొరపాటు ఇదే.

రోగిని అడిగితే చాలదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రీనియా మీద చేయించిన అధ్యయనం 1973లో వెలువడింది. మన దేశం తరఫున ఆగ్రా అందులో ఉంది. అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించిన లక్షణం భ్రమలు కాదు, చెవిలో మాటలు వినబడటం కాదు. తనకు జబ్బుందన్న ఎరుక లేకపోవడం. 97 శాతం మందిలో అది కనిపించింది. జబ్బే ఆ ఎరుకను మింగేస్తే రోగి ఏం చెప్పగలడు? ఉన్మాద దశలో ఉన్నాయన "నా జన్మలో ఇంత బాగా ఎప్పుడూ లేను" అంటాడు. అబద్ధమాడటం లేదు, ఆయనకు నిజంగానే అలా ఉంటుంది. నాలుగు రాత్రులుగా కన్ను మూయలేదనీ, అడిగినవాడికల్లా డబ్బు ఇచ్చేస్తున్నాడనీ భార్య చెబితేనే బొమ్మ పూర్తవుతుంది. కుంగుబాటుతో వచ్చిన మనిషి విషయంలోనూ డాక్టర్లు ఇంట్లోవాళ్లను "గతంలో ఎప్పుడైనా మరీ హుషారుగా, నిద్ర లేకుండా తిరిగాడా?" అని అడుగుతారు. వింతగా అనిపించినా అది చాలా ముఖ్యమైన ప్రశ్న. జవాబు అవునైతే జబ్బు బైపోలార్ కావచ్చు, అప్పుడు కుంగుబాటు మాత్రలు ఒక్కటే ఇస్తే మనిషి ఉన్మాదంలోకి జారే ప్రమాదముంది.

పెద్దవాళ్ల మతిమరుపు దగ్గర పక్క మాట విలువ ఇంకా పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో ఆంథొనీ జార్మ్ బృందం 1989లో ఒక ప్రశ్నావళి తెచ్చింది. అందులో వృద్ధుడిని ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఆయనను పదేళ్లుగా ఎరిగినవాళ్లను అడుగుతారు. పదేళ్ల కిందటితో పోలిస్తే సొంతవాళ్ల సంగతులు గుర్తుంచుకోవడం, వస్తువులు ఎక్కడ పెట్టాడో తెలియడం, డబ్బు లెక్క చూసుకోవడం మెరుగైందా, అలాగే ఉందా, దిగజారిందా అని. అంకెలు వెనక్కి లెక్కపెట్టించి, బొమ్మలు గీయించి చేసే పరీక్షల్లో చదువుకోని అవ్వకు ఆరోగ్యంగా ఉన్నా మార్కులు తగ్గుతాయి. బాగా చదివిన మాస్టారికి జబ్బు మొదలైనా మార్కులు వస్తాయి. ఇంట్లోవాళ్ల మాటకు ఆ చిక్కు తక్కువ, ఎందుకంటే అవ్వను పోల్చేది పాత అవ్వతోనే. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా పేరు పొందింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని అది చెప్పింది. మొదలైంది ఎప్పుడో ఎవరు చెబుతారు? కుటుంబ సభ్యులే. అంత పెద్ద శాస్త్ర ఫలితానికి పునాది ఇంట్లోవాళ్ల జ్ఞాపకం.

పిల్లల దగ్గర టీచరు సాక్షి. ఏకాగ్రత లోపం, అతిచురుకు కలిసిన ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే లక్షణాలు కనీసం రెండు చోట్ల కనిపించాలి, ఇంట్లోనూ బడిలోనూ అన్నట్టు. పన్నెండేళ్ల లోపే కొన్నయినా మొదలై ఉండాలి. బడిలో బుద్ధిగా ఉండి ఇంట్లో మాత్రమే అల్లరి చేసే పిల్లవాడికి ఆ పేరు తగిలించకూడదు. వాడి సంగతి వేరే చూడాలి.

పడమటి దేశాల్లో కుటుంబం మాట కోసం డాక్టరు ఫోన్లు చేసి పిలిపించుకోవాల్సి వస్తుంది. మన దగ్గర పిలవకుండానే నలుగురు వస్తారు. ఆ నలుగురినీ వైద్యంలో భాగం చేసిన ఘనత అమృత్‌సర్ మానసిక వైద్యశాల సూపరింటెండెంటు డాక్టర్ విద్యాసాగర్‌ది. రోగుల బంధువులను ఇంటికి పంపించేయకుండా 1950లలో ఆస్పత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి వాళ్లను ఉంచాడు. తర్వాత వెల్లూరు సీఎంసీ కూడా కుటుంబంతో కలిపి చేర్చుకునే పద్ధతి పెట్టింది.

అయితే పక్క మాట అంతా పవిత్రం కాదు. ఇంటిగుట్టు బయటపడుతుందని సగం దాచేవాళ్లుంటారు, పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే మరీను. ఆస్తి తగాదా ఉన్న చోట "నాన్నకు మతి స్థిమితం లేదు" అన్న కొడుకు మాటను డాక్టరూ కోర్టూ ఇద్దరూ అనుమానంగానే చూడాలి. వీలునామా రాసినవాడికి రాసే సమయానికి స్థిమితం ఉందా అన్నది చట్టం అడిగే ప్రశ్న, దానికి వాటాదారు జవాబు ఒక్కటే చాలదు. బీమా సొమ్ము దగ్గర కోర్టు అడిగిన ప్రశ్నే ఇక్కడా పనికొస్తుంది. ఈ మాట చెబితే ఎవరికి ఏం ఒరుగుతుంది?

రోగి రహస్యం మాటేమిటని అడగొచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. రోగి ఎంచుకున్న ప్రతినిధికి తెలియాల్సినంత చెప్పడం, ఇతరుల ప్రాణానికి ముప్పున్నప్పుడు చెప్పడం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఆ నిబంధన కట్టేసేది డాక్టరు నోటిని, చెవిని కాదు. "మావాడి గురించి మీరేమీ చెప్పక్కర్లేదు డాక్టరుగారూ, నేను చెప్పేది వినండి చాలు" అని మీరు అనొచ్చు. విన్నంత మాత్రాన రహస్యం బయటపడినట్టు కాదు. మీరు చెప్పిన సంగతి మీ పేరుతో సహా రోగికి చేరే అవకాశం ఉందా అని మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.

ఈసారి ఇంట్లో ఎవరినైనా మానసిక వైద్యుడికి చూపించాల్సి వస్తే వెంట పంపే మనిషిని వయసునో హోదానో చూసి ఎంచకండి. రోజూ పక్కనుండే మనిషిని పంపండి, కోడలైనా సరే, పదిహేనేళ్ల మనవరాలైనా సరే. నిద్ర, తిండి, మాటతీరు, ఖర్చులు ఎప్పటి నుంచి మారాయో ఒక కాగితం మీద తేదీలతో రాసివ్వండి. వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. ఎవరికి చూపించాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయొచ్చు, రోగే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు.